గుల్లపాలెం కిరాయి

మున్సిపల్ ఆఫీసు గుమస్తా పంచిపెట్టిన జెరాక్సు కాగితాల్లో ఏడో పేజీ తిప్పగానే ఆనందబాబుకు తెలిసింది, గుల్లపాలెం నుంచి ఆసుపత్రికి పోతూ చనిపోయిన సుప్రియ కోసం ఆ రోజు ఒక బండి బయల్దేరిందని, ఆ బండి తన కొడుకు బెన్హర్‌దని.

కామాక్షయ్య చేతిరాత అది. ఇరవై ఆరేళ్లుగా టాక్సీ స్టాండులో కూర్చుని ఏ బండి ఎప్పుడు ఎక్కడికి పోయిందో సీరియల్ పుస్తకంలో రాసే మనిషి. అక్షరాలు ఎప్పుడూ కుడివైపుకు పడిపోతున్నట్టే ఉంటాయి. గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం ఒకటీ ఇరవై. మొదటి బండి, బెన్హర్, గుల్లపాలెం. తిరిగొచ్చిన టైము రాసే గడి ఖాళీ. దాని కింద రెండో బండి, నరేంద్రబాబు, రెండూ పదికి తోటపల్లి గూడూరు. ఆనందబాబు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. అక్షరాలు మారలేదు. మారతాయని ఎందుకు అనుకున్నాడో. పదకొండు నెలలుగా ఊరంతా నమ్మింది, తను పదిమందికీ చెప్పింది, ఇప్పుడు ఈ హాల్లో తొమ్మిదో అంశంగా రాబోయే టాక్సీ యూనియన్ అర్జీ మొదటి పేరాలో ప్రెసిడెంటుగా తన సొంత చేత్తో రాసింది ఒక్కటే: ఆ మధ్యాహ్నం పాతరేవు స్టాండులో బండి లేదు. బండి లేక ఇరవై మూడేళ్ల పిల్ల, కడుపులో బిడ్డతో సహా, రొయ్యల వ్యానులో ఐసు పెట్టెల మధ్య పడుకుని నెల్లూరు పోతూ దారిలోనే పోయింది. రేట్లు తక్కువ కాబట్టి బండ్లు స్టాండులో నిలవడం లేదు. పెంచితే నిలుస్తాయి. నిలిస్తే ఇంకో పిల్ల బతుకుతుంది. డీజిలు ధర గురించి, పాలేల నుంచి వట్టి బండి తిరిగి రావడం గురించి ఎంత చెప్పినా కౌన్సిలర్లు ఆవులిస్తారు. ఈ పిల్ల సంగతి చెబితే ఎవరూ ఆవులించరు. అందుకే అది మొదటి పేరాలో పెట్టాడు. అందుకే నలభై రెండు మంది డ్రైవర్లు పొద్దున్నే బండ్లు ఆపి వెనక బెంచీల్లో వచ్చి కూర్చున్నారు. స్టాండు స్థలం మున్సిపాలిటీది, రేట్ల బోర్డు మున్సిపాలిటీది, బోర్డు మీద ఒక్క అంకె మారాలన్నా ఈ హాల్లో చేతులు లేవాలి.

పైన ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి కిందికి రావడం లేదు. ఫినాయిలు వాసన. చైర్మన్ జయరామయ్య మూడో అంశం చదువుతున్నాడు, బస్టాండు వెనక మురికికాలువ, అంచనాలు, పాత కాంట్రాక్టరు, కొత్త కాంట్రాక్టరు. గోడ గడియారంలో పదకొండు దాటి అయిదు నిమిషాలు. తొమ్మిదో అంశం వచ్చేసరికి ఎంత లేదన్నా ముప్పావుగంట. ముప్పావుగంటలో నెల్లూరు పోవచ్చు. ఎన్ని వేలసార్లు పోయాడు. పాత అంబాసిడరు రోజుల్లో గంటన్నర పట్టేది, ఇంజను వేడెక్కితే కాలవ దగ్గర ఆపి నీళ్లు పోసేవాడు, ఒకసారి వెనక సీట్లో ఒకామె కాన్పు అయితే సీటు కవరు విప్పి బిడ్డకు చుట్టి ఇచ్చాడు, ఆ బిడ్డకు ఆనందు అని పేరు పెట్టారు. అది చెప్పుకుంటూ ఉంటాడు. కొత్తగా చేరిన ప్రతి డ్రైవరుకూ చెబుతాడు. ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చింది అది. ఏడో పేజీ మీద అరచెయ్యి బోర్లించి పెట్టాడు, ఎవరో లాక్కుంటారేమోనన్నట్టు.

"అన్నా, మనది ఎన్నోది?"

పక్కన అంకాలమ్మ. సుప్రియ తల్లి. ఎండుచేపలు అమ్ముకుని ఒక్క కూతుర్ని పెంచింది. వద్దన్నా వినకుండా చెప్పులు బయటే విడిచి వచ్చింది, ఒళ్లో గుడ్డసంచి, అందులో సుప్రియ కాన్పు కార్డు, నెలనెలా బరువు రాసింది, సూదులు వేసింది. కౌన్సిలుకు చూపిద్దామని తనే తెమ్మన్నాడు.

"తొమ్మిదోదమ్మా."

"ఇప్పుడు జరగతా ఉండేది?"

"మూడోది. మురిక్కాలవ."

"కాలవకే ఇంతసేపా? మాకు సముద్రమే ఉండాది, దానికి ఎవురూ మీటింగు పెట్టరే." పక్క బెంచీలో ఒకడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. సంచి సర్దుకుంది. "ఈ పొద్దు ఎంత బిరీన వచ్చినామన్నా. మీ అబ్బయ్య గోతుల్లేకుండా తోలినాడు. పద్దెనిమిది నిమిషాలంట, నేనే అడిగినా."

పద్దెనిమిది నిమిషాలు. పొద్దున గుల్లపాలేనికి తను వెళ్లింది బెన్హర్ బండిలోనే, నడిపింది బెన్హరే. ఆమె వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది, సీటు మీద చెయ్యి వేసి మెత్తగా ఉందే అన్నది. ఆ సీటు. ఒకటీ ఇరవైకి పద్దెనిమిది కలిపితే. వద్దు, కలపకు.

"నేను ఒకటే అడగతానన్నా వాళ్లను," అన్నది అంకాలమ్మ, గొంతు తగ్గించి. "రేటు పెంచుకుంటే పెంచుకోండి, నాకేంది. ఆ పొద్దు ఫోన్లో, బండి వస్తా ఉండాది, రోడ్డు మీదికి వచ్చి నిలబడండి అన్నారే. ఎవురి బండి అది? పిల్లను పట్టుకోని నిలబడినాం గదా. మా ముందరే రొయ్యల వ్యాను ఒకటి పోయింది. ఆపలేదు. కారు వస్తా ఉంటే వ్యాను ఎందుకులే అని నేనే అన్నా. ఆ తర్వాత ఇంకో వ్యాను వచ్చేదానికి ముప్పావుగంట."

ఈ ప్రశ్న కొత్తది కాదు. పదకొండు నెలల్లో ఎన్నిసార్లు పాలెం వెళ్లాడో అన్నిసార్లూ అడిగింది. ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పాడు: అది ఊరటకు చెప్పిన మాటమ్మా, బండ్లు లేనప్పుడు కూడా అట్లా అంటారు, కామాక్షయ్య మనసు మెత్తన. కామాక్షయ్య తనకు చెప్పిందీ అదే. అంబులెన్సు హైవే మీద యాక్సిడెంటుకు పోయింది, స్టాండులో బండ్లు లేవు, ఏం చెప్పాలో తోచక వస్తా ఉంది అన్నానన్నా, అని నేల చూస్తూ చెప్పాడు. నేల ఎందుకు చూశాడు? అప్పుడు అనిపించలేదు. చావు మాట చెబుతున్న మనిషి నేల చూడక ఎటు చూస్తాడు అనుకున్నాడు. ఇప్పుడు తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు కామాక్షయ్య, గోడకు ఆనుకుని, ఇటు చూడడం లేదు. వాడికి తెలుసు. పుస్తకంలో ఏముందో రాసినవాడికి తెలియదా.

మరి ఒకటీ ఇరవైకి బెన్హర్ ఎక్కడున్నాడు? చర్చిలో. కళ్లారా చూశాడు. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధన, శిలువ మీద పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు, అయిదో మాట బెన్హర్‌కు ఇచ్చారు, మొదటిసారి, డ్రైవరు కొడుకుకు ప్రసంగ వేదిక మీద నిలబడే అవకాశం, నెలరోజులు రాసుకున్నాడు పిల్లవాడు, స్టాండులో స్టీరింగు మీద కాగితం పెట్టుకుని రాసుకున్నాడు. దాహంగా ఉందన్న మాట. దాహం అనేది చిన్న కోరిక, దాన్ని కూడా ఎవరో ఒకరు తీర్చాలి, అడిగినప్పుడే తీర్చాలి, అని చెప్పాడు. పక్కన భార్య ఫేబీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చర్చిలో ఊపిరాడని ఎండ, అందరూ తెల్లబట్టలు, తను రెండో వరుసలో, గోడ గడియారం ఒకటింబావు నుంచి పది తక్కువ రెండు దాకా. ప్రతి నిమిషం చూశాడు, ఎక్కువసేపు మాట్లాడి పాస్టరు అయ్యగారికి విసుగు తెప్పిస్తాడేమోనని. కాబట్టి బెన్హర్ గుల్లపాలెం పోలేదు. కాబట్టి పుస్తకం అబద్ధం. కామాక్షయ్య తప్పు రాశాడు. పొరపాటు. ముసలివాడు. ఆనందబాబుకు కొంచెం ఊపిరి ఆడింది. లేచి చెప్పవచ్చు. రెండు వందల మంది సాక్షులున్నారు. కానీ ఇరవై ఆరేళ్లలో కామాక్షయ్య పోని బండిని పోయిందని రాసింది లేదు. ఎట్లా రాస్తాడు? పలక చూసి రాస్తాడు.

పలక. అక్కడికి వచ్చి మనసు గుర్రంలా ఆగిపోయింది.

నాలుగో అంశం. వీధికుక్కలు. ఎవరో కౌన్సిలరు తమ వార్డులో కుక్కలు మనుషులకన్నా ఎక్కువున్నాయంటే, అయితే వచ్చే ఎలక్షన్లో వాటినే ఓట్లు అడుగు అన్నారెవరో. నవ్వులు. జయరామయ్య బల్ల మీద కొట్టాడు. ఆ పలకలు ఆనందబాబే చేశాడు. అప్పట్లో చెన్నై కిరాయి కోసం ఇద్దరు డ్రైవర్లు కొట్టుకుని ఒకడి తల పగిలితే, మాటలతో పని జరగదని, ఆయిలు డబ్బా రేకు కత్తిరించి, ఒక్కో బండికి ఒక్కో పలక, ఒకవైపు నీలం రంగు మీద తెల్లగా బండి నంబరు, రెండోవైపు వట్టి రేకు. షెడ్డులో చెక్క మీద వరసగా మేకులు. నంబరు కనబడుతూ పలక నిలబడి ఉండి, బండి కూడా షెడ్డులో ఉంటే, ఆ బండి సిద్ధం. నంబరు కనబడుతూ ఉండి బండి లేకపోతే, మనిషిని ఎక్కించుకోవడానికి పోయిందని అర్థం, దాని వరస దానిదే, ఆ కిరాయి జోలికి ఇంకెవరూ పోకూడదు, ఒక కిరాయికి రెండు బండ్లు కదలకూడదు. అన్నానికో చర్చికో చావుకో పోయేవాడు పలక తిరగేసి పోవాలి, అప్పుడు వెనకవాడు ముందుకొస్తాడు, తిరిగొచ్చినవాడు తోకలో తగిలించుకోవాలి. ఒకరి పలక ఇంకొకరు ముట్టుకుంటే వారం రోజులు స్టాండు బంద్. ఎంత తేలిక. చదువురానివాడికి కూడా అర్థమవుతుంది. నాయుడుపేట స్టాండు వాళ్లు వచ్చి చూసి, అట్లాంటిదే పెట్టుకుంటామని కొలతలు రాసుకుని పోయారు. ఆ రోజు వాళ్లకు తన డబ్బులతో బిర్యానీ పెట్టించాడు. ఈ ఇరవై ఆరేళ్లలో ఆ చెక్క ముందు గొడవ జరగలేదు. పలక అబద్ధం చెప్పదు, మనిషి చెబుతాడు, అని యూనియన్ మీటింగుల్లో తను అనే మాట.

ఇప్పుడే లేచి అర్జీ వెనక్కి తీసుకుంటున్నామంటే? ఏడో పేజీ ఎవరూ చదవరు. కాగితాలు ఫైల్లోకి పోతాయి, ఫైలు బీరువాలోకి పోతుంది. డ్రైవర్లు తిడతారు. తిట్టనీ. ఒంట్లో బాగాలేదని చెప్పవచ్చు. కానీ ఎదురుగా కౌన్సిలరు ఎవాంజెలిన్ గారు కూర్చుని ఉన్నారు, స్కూలు టీచరుగా రిటైరైన మనిషి, రేట్లు పెంచడానికి మొదటి నుంచీ వ్యతిరేకం, పింఛను మీద బతికే ముసలివాళ్లు ఆసుపత్రికి ఎట్లా పోవాలని అడిగే మనిషి. స్టాండులో బండ్లు నిలవడం లేదంటున్నారు కదా, మీ పుస్తకమే తెచ్చి చూపించండి అని అడిగింది ఆమే. తీసుకొచ్చి ఇచ్చింది తనే. పాత పేపరులో చుట్టి, పురికొస కట్టి, స్కూటరు ముందు పెట్టుకుని తెచ్చి గుమస్తా బల్ల మీద పెట్టాడు. తెరవలేదు. ఎందుకు తెరవలేదు? పదకొండు నెలల్లో ఒక్కసారి ఆ పేజీ చూడలేదు. అర్జీ రాసేటప్పుడు తేదీ కోసమైనా చూడాలి కదా. చూడలేదు, తేదీ గుర్తుంది. టైము కూడా గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి. ఏది చూడాల్సిన అవసరం లేదో మనిషికి ముందే తెలిసిపోతుందా? ఎవాంజెలిన్ గారి ముందున్న కాగితాల్లో ఏడో పేజీ అంచు మడిచి ఉంది. చదువుతుంది. తప్పదు.

సరే, ఆ రోజు మొత్తం గుర్తు తెచ్చుకో. వరసగా. పొద్దున ఆరింటికి బెన్హర్ స్టాండుకు పోయాడు. ఫేబీ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి హేంగరుకు తగిలించి ఇచ్చింది, బండిలోనే మార్చుకుంటానన్నాడు. పదిన్నరకు ఫోను చేశాడు, మొదటి సీరియల్ వచ్చింది నాయనా అని. విడవలూరు నుంచి ఎవరో అడిగారు, సాయంత్రం నాలుగుకు చెన్నై ఎయిర్‌పోర్టుకు బండి కావాలంట, అప్పటికి ఎవరు ముందుంటే వాళ్లకే. నువ్వే ఉండు, అన్నాడు తను. ఎట్లా ఉంటాను, పన్నెండుకు చర్చికి పోవద్దా, పలక తిరగేసి పోవాలి కదా, అన్నాడు బెన్హర్. పోతే పోనీలే అని నవ్వాడు. నవ్వగలడు వాడు. ఇరవై ఏడేళ్లవాడు. నెలకు ఒకటి రెండు వచ్చే దూరపు కిరాయి, బండి వాయిదా నాలుగు రోజుల్లో ఉంది. ఫోను పెట్టేసి తను స్నానం చేశాడు. పన్నెండుకు ఫేబీ పక్కింటివాళ్లతో చర్చికి పోయింది. తను వెనక బయల్దేరాడు, స్కూటరు మీద. ఎండ. రోడ్డు మీద మనిషి లేడు. తర్వాత చర్చిలో రెండో వరుస. ఫ్యాను కింద చోటు దొరికింది. మొదటి మాట అప్పటికే అయిపోయింది.

మధ్యలో?

మధ్యలో రోడ్డు. ఇంటి నుంచి చర్చికి రోడ్డు. మార్కెట్టు వీధి, ఆ తర్వాత స్టాండు, ఆ తర్వాత చర్చి.

ఆరో అంశం, ఏడో అంశం కలిపి తీసుకుంటున్నామన్నాడు జయరామయ్య. చేతులు లేచాయి, దిగాయి. ఆ సాయంత్రం చర్చి దగ్గరే చావు కబురు తెలిసి, స్టాండుకు పోకుండా బెన్హర్ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఫోను చూపించాడు. ఒకటీ పదికి మిస్డ్ కాల్, గుల్లపాలెం నంబరు. నాకే చేసినారు నాయనా, సైలెంటులో పెట్టినా, అన్నాడు. చర్చిలో ఉన్నవాడివి ఎట్లా ఎత్తుతావురా, నీ తప్పేముంది, అన్నాడు తను, భుజం మీద చెయ్యి వేసి. పలక తిరగేసే కదా పోయినా, ఇంకో బండి పోయి ఉండాలి కదా, అన్నాడు పిల్లవాడు. అవునన్నాడు తను. అవును అన్నాడు. ఆ ఒక్క మాట ఎంత నున్నగా జారింది నోట్లోంచి. ఆ తర్వాత బెన్హర్ మళ్లీ ప్రసంగం చెప్పలేదు. అయ్యగారు రెండుసార్లు అడిగినా తల అడ్డంగా ఊపాడు. తను బతిమాలాడు కూడా, దేవుడిచ్చిన వాక్కును దాచిపెట్టకూడదని. దాచిపెట్టకూడదని తను చెప్పాడు.

స్టాండు దగ్గర స్కూటరు ఆపాడు. ఆపాడు, ఎందుకు కాదనడం. షెడ్డు నీడలో నరేంద్రబాబు తన కారులో సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోతున్నాడు, నోరు తెరిచి. కామాక్షయ్య వెనక కొళాయి దగ్గర టిఫిన్ గిన్నె కడుక్కుంటున్నాడు, వీపు ఇటు. చెక్క మీద మొదటి మేకుకు వట్టి రేకు. తిరగేసిన పలక. కొడుకు సరిగ్గా చేసి పోయాడు. అది చూసి గర్వం కలగాలి కదా, కోపం వచ్చింది. అమాయకుడు. ఎవరి కోసం ఈ నిజాయితీ, గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఎవరొస్తారు స్టాండుకు, మూడింటికల్లా వాడు వచ్చేస్తాడు, చెన్నై కిరాయి నిద్రపోతున్నవాడికి పోవాలా? ఒక వేలు. చూపుడువేలు. రేకు అంచు ఎండకు కాలింది, నంబరు ఇటు తిరిగింది, మేకుకు తగిలి చిన్న చప్పుడు చేసింది. రెండు సెకన్లు పట్టిందో లేదో. నరేంద్రబాబు కదల్లేదు. నిలబడిన పలక, లేని బండి. దాని అర్థం ఏమిటో ఊళ్లో అందరికన్నా తనకే ఎక్కువ తెలుసు. ఆ అర్థం పెట్టిందే తను.

అంత చిన్న పని. దాన్ని మర్చిపోలేదు, దాని పక్కనుంచి నడిచాడు, అంతే. పదకొండు నెలలు రోజూ దాని పక్కనుంచి నడిచాడు. స్టాండులో బండి లేదని కామాక్షయ్య చెప్పినప్పుడు, మరి నరేంద్రబాబు బండి ఉండాలే అని అడగనిది అందుకే.

"తొమ్మిదో అంశం," అన్నాడు జయరామయ్య. "టాక్సీ స్టాండు రేట్ల పెంపు. యూనియన్ అర్జీ అందరికీ అందింది గదా. ఎవాంజెలిన్ గారు ముందు మాట్లాడతానన్నారు."

ఆమె లేచి కళ్లజోడు సర్దుకున్నారు. వెనక డ్రైవర్లు సర్దుకుని కూర్చున్న చప్పుడు. "పెద్దగా చెప్పేదేం లేదండీ. యూనియన్ ప్రెసిడెంటు గారి అర్జీలో, గుడ్ ఫ్రైడే నాడు స్టాండులో బండి లేదన్నారు. వాళ్ల పుస్తకమే ఏడో పేజీలో ఉంది. రెండో బండి నరేంద్రబాబుది, రెండూ పదిదాకా అక్కడే ఉంది. ఏం నరేంద్రబాబూ, ఉండినావా లేదా?"

నరేంద్రబాబు వెనక నుంచి లేచాడు. "నిద్రపోతా ఉండినా మేడం. నన్నెవురూ లేపలా. ప్రెసిడెంటన్న బండి లేదన్నాక, ఉండాదని నేనెట్లా చెప్పేది?"

"నీ బండిని కూడా లేదంటే ఊరుకుంటావా?" అన్నాడొక కౌన్సిలరు. నవ్వు మొదలై ఆగిపోయింది.

"మొదటి బండి సంగతి చూడండి," అన్నారు ఎవాంజెలిన్ గారు. గొంతులో గెలుపు లేదు. "ఒకటీ ఇరవైకి గుల్లపాలేనికి బయల్దేరినట్టు రాసి ఉంది. ఆ బండి పాలెం చేరలేదు. ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. బండి బెన్హర్‌ది."

అంకాలమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. పొద్దున తనను తీసుకొచ్చిన పిల్లవాడిని వెతుక్కుంది ఆమె చూపు. హాలంతా గోల. కామాక్షయ్యను లేపారు. ముసలివాడు స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. "పాలెం నుంచి పాపెవురో ఫోను చేసినాది సార్. బెన్హరన్నకు చేసినాం, ఎత్తలేదు అన్నాది. నేను చూస్తే బెన్హరు పలక నిలబడి ఉండాది, బండి లేదు. మిస్డ్ కాల్ చూసుకోని బయల్దేరి ఉంటాడనుకున్నా. వస్తా ఉండాదమ్మా అని చెప్పి పుస్తకంలో రాసినా. ఒక కిరాయికి రెండు బండ్లు పంపకూడదు గదా, అందుకని నరేంద్రను లేపలా. తర్వాత పిల్ల పోయిందని తెలిసినాక... దోవలో ఇంకేదో కిరాయి తగిలి అటు పోయినాడేమో, ఆనందన్న కొడుకు, బతకాల్సినోడు అని... బండ్లు లేవని చెప్పినా. తప్పు నాదే సార్."

"ఏరా బెన్హరూ, యాడికి పోయినావురా?" వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు. "ప్రెసిడెంటు కొడుక్కు రూలు లేదా?"

బెన్హర్ లేచాడు. "నేను చర్చిలో ఉండినా. పలక తిరగేసే పోయినా. నాకు బాగా గుర్తు." కామాక్షయ్య వైపు చూశాడు. "నిలబడి ఉండిందా మామా? నువ్వు చూసినావా?"

"చూసినా నాయనా. నా కళ్లతో చూసినా."

పిల్లవాడు ఏదో వెతుక్కున్నాడు లోపల. ఆ వెతుకులాట ముఖం మీద కనబడుతూనే ఉంది. కామాక్షయ్య అబద్ధమాడడు. పలక అబద్ధం చెప్పదు. మిగిలింది తన జ్ఞాపకం ఒక్కటే. "అయితే," అన్నాడు బెన్హర్, "అయితే నేనే మర్చిపోయి ఉంటా. ప్రసంగం హడావుడిలో. తిరగేసినా అనుకోని పోయి ఉంటా. నాదే తప్పు. అమ్మా, నాదే..."

ఆనందబాబు లేచి నిలబడ్డాడు. కాగితాలు ఒళ్లోంచి జారి కింద పడ్డాయి. ఎవరూ పిలవలేదు, చైర్మన్ అనుమతి లేదు. నలభై రెండు మంది వెనక. రేటు పోతుంది, ప్రెసిడెంటు పదవి పోతుంది, పోలీసులు రావచ్చు, ఫేబీ ముఖం ఎట్లా చూడాలో. అవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి, స్టాండులో బండ్లలా. కొడుకు తన సొంత జ్ఞాపకాన్ని ఈ హాల్లో అందరి ముందూ అబద్ధమని ఒప్పేసుకుంటున్నాడు. అది ఒక్కటే ముందుకొచ్చింది.

"కూర్చోరా," అన్నాడు కొడుకుతో. తర్వాత జయరామయ్య వైపు కాదు, ఎవాంజెలిన్ గారి వైపు కాదు, పక్కనున్న ఆమె వైపు తిరిగాడు.

"అంకాలమ్మా, నా కొడుకు పలక తిరగేసే పోయినాడు. వాడు మర్చిపోలా. నేను స్కూటరు మీద వస్తా చూసినా. చెన్నై కిరాయి పోతాదని, నా వేలితో నేనే దాన్ని మళ్లా తిప్పి పెట్టినా. ఇంకొకరి పలక ముట్టుకుంటే వారం స్టాండు బందు అని రూలు పెట్టినోడిని నేను. కామాక్షయ్య తప్పేం లేదు, పలక ఏం చెప్తే అది నీకు చెప్పినాడు. పలకతో అబద్ధం చెప్పించింది నేను. నీ బిడ్డ పేరు చెప్పి రేటు అడగడానికి నిన్ను ఈడికి తీసుకొచ్చిందీ నేనే. ఎవురి బండి, యాడి దాకా వచ్చిందని ఇన్ని నెలలు అడగతా ఉంటివే. అది యాడికీ రాలేదమ్మా. బయల్దేరనే లేదు. చర్చి గోడ పక్కన నీడలో ఉండింది. నేను దాని పక్కనే స్కూటరు పెట్టి లోపలికి పోయినా."